చదివింపుల రేడియో

అల్లుడు ఇంటిముందు కారాపి పది నిమిషాలైంది. ఇంజను ఆగింది, లైట్లు ఆరాయి, మనిషి మాత్రం దిగడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, తల కాస్త వంచి, ఎవరో చావుకబురు చెబుతుంటే వింటున్నట్టు కూర్చున్నాడు. నాకు దడ పట్టుకుంది. పొద్దున మొగుడూ పెళ్ళాం మాటామాటా అనుకున్నారేమో! అమ్మాయికి నెలలు నిండాయి, ఈ పూట ఇదేం గొడవరా భగవంతుడా. పొయ్యి మీంచి దించిన చారు చల్లారిపోతోంది. ఇక ఉండబట్టలేక శాలువా కప్పుకుని వెళ్ళి కారు అద్దం మీద తట్టాను. ఉలిక్కిపడి అద్దం దించాడు.

"రెండు నిమిషాలు అత్తయ్యా, అయిపోవచ్చింది."

లోపల్నించి ఓ ముసలాయన గొంతు. ఎక్కడో మూతబడ్డ బట్టల మిల్లు గురించి చెబుతున్నాడు. ఆ మగ్గాల మోతలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటే నిద్రపట్టడం లేదంటున్నాడు. నేనూ అక్కడే నిలబడిపోయాను. చారు మళ్ళీ వెచ్చబెట్టుకోవాల్సి వచ్చింది.

అది 2004 సెప్టెంబరు. బాస్టన్ పక్కన ఫ్రేమింగ్‌హామ్. అమ్మాయి పురిటికని బడికి సెలవు పెట్టి వెళ్ళాను. మా వారు తోడు వచ్చారు. తోడంటే మాటవరసకే, విమానం దిగిన దగ్గర్నుంచి ఆయన్ని చూసుకోవడం కూడా నా పనే.

ఇల్లు చేరాక కూడా రేడియో వదల్లేక కారులోనే ఉండిపోవడానికి అక్కడి పబ్లిక్ రేడియో వాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు, డ్రైవ్‌వే మూమెంట్ అని. జనాన్ని అలా కట్టిపడేసిన కథనాల్ని ఏరి, ఆ పేరుతోనే సీడీలు వేసి అమ్మారు కూడా. పేరు లేదు గానీ ఈ జబ్బు మనకు కొత్తదేమీ కాదు. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే చేతిలో మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలో ఆగిపోయిన వాళ్ళని నేనెరుగుదును. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులంటే మా వీధిలో ఎవరికీ తెలియదు. ఉషశ్రీ అంటే మాత్రం సైకిలు మీద పోయేవాడు కూడా కాలు కింద ఆనించేవాడు.

అమ్మాయి వంటింట్లో, ఉప్పూకారం డబ్బాల పక్కన అరచేయంత నల్ల రేడియో ఒకటి ఉండేది. దాని ముల్లు 90.9 దగ్గర పెట్టి, కదలకుండా టేపు అంటించేసింది. బాస్టన్ విశ్వవిద్యాలయం వారి డబ్ల్యూబీయూఆర్ స్టేషన్ అది. పగలంతా ఇంట్లో నేనూ, పడుకున్న అమ్మాయీ, ఆ రేడియో. మొదటి వారం నాకు అర్థమైంది ఒక్కటే, ఈ మనుషులు అరవరు. మధ్యాహ్నం టీవీ పెడితే కారు అమ్మేవాడూ, మందులు అమ్మేవాడూ, వాతావరణం చెప్పేవాడూ అందరూ ఇల్లు అంటుకున్నట్టే మాట్లాడతారు. ఈ రేడియోలో ఆడమనిషి మాత్రం బల్లకి అటువైపు కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెబుతున్నట్టు చెప్పేది. ఇరాక్‌లో యుద్ధం సంగతైనా అంతే, మెయిన్ రాష్ట్రంలో పీతలు పట్టేవాళ్ళ సంగతైనా అంతే. నా ఇంగ్లీషు బళ్ళో పాఠం చెప్పే ఇంగ్లీషు. మూడో వారానికల్లా నాకు తొంభై పాళ్ళు తెలుస్తోంది. ఆరో వారానికి నేను జవాబులు కూడా చెబుతున్నానని అమ్మాయి ఫిర్యాదు.

శనివారం పొద్దున మా వారి వంతు. ఆయన జీవితమంతా ఒక పాత స్కూటరుతో సాము చేసిన మనిషి. 'కార్ టాక్' అని ఇద్దరన్నదమ్ములు, టామ్, రే మాగ్లియోజీ, జనం ఫోన్లో చెప్పే కార్ల రోగాలకు మందు చెప్పేవారు. ఇద్దరూ ఎంఐటీలో చదివి మెకానిక్కులైన వాళ్ళు. ఆ కార్యక్రమం 1977లో ఈ స్టేషన్‌లోనే పుట్టి, 1987 నుంచి దేశమంతా పాకింది. ఒక ఆవిడ ఫోన్ చేసి మా కారు చలికాలంలో ఇలా మూలుగుతోందని మూలిగి చూపించేది. అన్నదమ్ములు పడీపడీ నవ్వి, తిరిగి మూలిగి, ఆఖర్న రోగం పట్టేసేవారు. ప్రతివారం ముగింపులో మా అన్నలా బండి నడపకండి అని తమ్ముడూ, మా తమ్ముడిలా నడపకండి అని అన్నా చెప్పుకునేవారు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది మా వారికి. నవ్వు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

ఇలా సుఖంగా సాగిపోతుండగా అక్టోబరులో ఒకరోజు రేడియో పాడైంది. పాడైందనే అనుకున్నాను. వార్తల మధ్యలో ఆ నెమ్మదైన ఆడమనిషి హఠాత్తుగా ఆగి, మీరిది వింటున్నారు కదా, మీకు నచ్చింది కదా, మరి ఫోన్ తీసి డబ్బులు పంపండి అంది. పక్కన ఇంకొకాయన అందుకుని, ఈ గంటలో మీరు ఎంతిస్తే అంతా ఫలానా దాత జోడిస్తారు, రూపాయికి రూపాయి, త్వరపడండి అన్నాడు. తర్వాత పేర్లు. ఫలానా ఊరి నుంచి ఫలానా ఆవిడ, ఫలానా ఊరి నుంచి ఫలానా ఆయన. రోజంతా ఇదే, మర్నాడూ ఇదే.

నేను పిండి చేత్తోనే అమ్మాయి గదిలోకి పరుగెత్తాను. "అమ్మాయ్, చదివింపులే!"

తనకి చదివింపులంటే పెళ్ళిలో ఇచ్చే కట్నాలే తెలుసు. నాటకాల్లో చదివింపులు చూసిన తరం కాదు. మా ఊళ్ళో హరిశ్చంద్ర ఆడుతుంటే, కాటిసీను మధ్యలో హార్మోనిస్టు ఆగి, "శ్రీయుత ఫలానా వారు పది రూపాయలు చదివించారు, వారికి నాటక సమాజం తరఫున వందనాలు" అనేవాడు. హరిశ్చంద్రుడు కాటికాపరి కర్ర ఓ పక్కన పెట్టి మరీ నమస్కారం పెట్టేవాడు. మళ్ళీ కర్ర అందుకుని ఏడుపు అందుకునేవాడు. ఎవరికీ రసభంగం అనిపించేది కాదు. టిక్కెట్టు లేని నాటకం ఇంకెలా నడుస్తుంది మరి?

ఇక్కడా టిక్కెట్టు లేదు. కంపెనీలు కూడా చదివించవచ్చు, కానీ పేరు చెప్పించుకోవడం వరకే. మా సరుకు గొప్పది, ధర తక్కువ, వచ్చి కొనండి అని పలికించడానికి వీల్లేదు, నిబంధన అలాంటిది. మిగతాది వినేవాళ్ళ పుణ్యం. పాత కారు ఇచ్చినా పుచ్చుకుంటారు. ఇంటికొచ్చి తోలుకుపోయి, అమ్ముకుని, రసీదు పంపుతారు. గోదానం విన్నాను గానీ ఇది వినలేదు.

నాకు ఒక ధర్మసందేహం వచ్చింది. అంతకుముందు ఏడాదే, 2003లో, మెక్‌డొనాల్డ్స్ సంస్థను విస్తరించిన రే క్రాక్ గారి భార్య జోన్ క్రాక్ పోతూ పోతూ నేషనల్ పబ్లిక్ రేడియోకి, అదే ఈ ఎన్‌పీఆర్‌కి ఇరవై కోట్ల డాలర్లకు పైగా రాసిపోయింది. అల్లుడే చెప్పాడు. ఇరవై కోట్లు వచ్చిపడ్డాక మళ్ళీ జోలె పట్టడం ఏమిటి?

"ఎన్‌పీఆర్ వేరు, మా స్టేషన్ వేరు అత్తయ్యా" అన్నాడు. రాత్రి పాలసీసాలు మరగబెడుతూ నాకు ఆ లెక్క విప్పి చెప్పాడు. ఎన్‌పీఆర్ వాషింగ్టన్‌లో కూర్చుని కార్యక్రమాలు వండుతుంది. ఊరూరా ఉన్న స్టేషన్లు వాటిని కొనుక్కుని, తమ ఊరి వార్తలు కలుపుకుని వడ్డిస్తాయి. 1983లో ఎన్‌పీఆర్ దివాలా అంచుకి వెళ్తే ఈ స్టేషన్లే పూచీపడి బతికించాయి. ఆ తర్వాత సర్కారు సొమ్ము చాలావరకు వాషింగ్టన్ చేతికి కాక స్టేషన్లకే వెళ్ళి, అక్కణ్ణించి వంటమనిషికి జీతంగా వచ్చేది. అందువల్ల వడ్డించేవాడికి ఊళ్ళో జనంతో పని. జనానికి నచ్చకపోతే వంటమనిషికి కబురు వెళుతుంది. ఇది ఎవరో బుద్ధిమంతుడు ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాటు అనుకుంటే పొరపాటు. అప్పుల్లో పడి నేర్చుకున్న సంసారం.

అసలు ఆ రేడియో పుట్టుకే ఓ పొరపాటు లాంటిది. 1967లో జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా చట్టం తెద్దామనుకున్నది టెలివిజన్ కోసం. రేడియో పనైపోయిందని అందరి లెక్క. కొందరు పట్టువదలక తిరిగితే, 'మరియు రేడియో' అన్న మాటల్ని ముసాయిదాలో ఆఖరి నిమిషాన సెలోటేపుతో అతికించారని చెప్పుకుంటారు. అలా అతికించుకుని పుట్టిన బిడ్డ 1971 మే 3న సాయంత్రం 'ఆల్ థింగ్స్ కన్సిడర్డ్' అనే రోజువారీ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ రోజు వాషింగ్టన్ వీధుల్లో వియత్నాం యుద్ధ వ్యతిరేకులు, పోలీసులు, హెలికాప్టర్లు. విలేఖరులు టేపురికార్డర్లు పట్టుకుని ఆ గుంపులోకే వెళ్ళి, ఆ అరుపులు అరుపులుగానే వినిపించారు. నాకు నచ్చింది మాత్రం ఆ రోజే వినిపించిన ఇంకో కథ. అయోవా రాష్ట్రంలో ఒక మంగలి. కుర్రాళ్ళు జుట్టు పెంచుకోవడం మొదలెట్టాక బేరాలు లేక, ఆడవాళ్ళ కాళ్ళకు క్షవరం మొదలుపెట్టాడట. యుద్ధమూ, మంగలీ ఒకే పళ్ళెంలో. అప్పుడు తొంభై స్టేషన్లు. ఇప్పుడు ఎన్‌పీఆర్ కార్యక్రమాలు వేసే స్టేషన్లు వెయ్యికి పైనే.

ఎందుకు పెరిగిందయ్యా అని అడిగితే తలా ఒకటి చెబుతారు. రోజూ రెండు గంటలు కార్లో కూర్చునే జనం, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రపంచం గురించి పట్టుకున్న భయం, చదువుకున్న వాళ్ళ బడాయి. అన్నీ నిజమే కావచ్చు. నాకు తోచింది వేరు. మిగతావాళ్ళు కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోయారు, వీళ్ళు కూర్చునే ఉన్నారు, అంతే. 1996లో చట్టం మార్చి, ఒక కంపెనీ దేశంలో ఎన్ని స్టేషన్లైనా కొనుక్కోవచ్చన్నారు. ఒక్క కంపెనీ చేతికే వెయ్యికి పైగా వచ్చాయి. ఊళ్ళో స్టేషన్ ఉంటుంది, అందులో ఊరి మనిషి ఉండడు, పాటలు ఎక్కణ్ణించో వస్తుంటాయి. 2002 జనవరిలో ఉత్తర డకోటాలోని మైనాట్ దగ్గర అర్ధరాత్రి రైలు పట్టాలు తప్పి అమోనియా విషవాయువు ఊరి మీద పడింది. ఆ ఊళ్ళో ఆరు వాణిజ్య స్టేషన్లూ ఒకే కంపెనీవి. జనాన్ని హెచ్చరించమని పోలీసులు చెబుదామంటే ఎవరూ దొరకలేదని తర్వాత పెద్ద రచ్చ అయింది.

ఇది చదివినప్పుడు నాకు 1977 నవంబరు 19 నాటి తుఫాను గుర్తొచ్చింది. గుడివాడలో ఉన్నాం. పొద్దుటి నుంచీ గాలి. కరెంటు పోయింది. మా వారు ట్రాన్సిస్టరు బ్యాటరీలు ఎండలో పెట్టుకుందామన్నా ఎండ లేదు, నిప్పుల కుంపటి పక్కన వెచ్చబెట్టి మళ్ళీ వేశారు. గరగర మధ్యలో మచిలీపట్నం రేవు, ప్రమాద సూచిక, నంబరు. ఆ గొంతులో కంగారు లేదు. నంబరు పెరుగుతున్న కొద్దీ ఇంట్లో మాటలు తగ్గాయి. దివిసీమ ఏమైపోయిందో మాకు తెల్లవారాక గానీ తెలియలేదు. రేడియో అందర్నీ కాపాడిందని నేను చెప్పను, వేలమంది పోయారు. ఆ రాత్రి చీకట్లో మాతో మాట్లాడిన మనిషి మాత్రం ఆ గొంతే.

నవంబరులో మనవడికి నెల దాటింది. థాంక్స్‌గివింగ్ పండగ ముందు సూజన్ స్టామ్‌బర్గ్ అనే ఆవిడ రేడియోలో ఒక పచ్చడి చెప్పింది. అమెరికాలో జాతీయస్థాయిలో రోజువారీ రాత్రి వార్తా కార్యక్రమానికి సారథ్యం వహించిన మొదటి ఆడమనిషి ఆవిడ, 1972లో. ఆడ గొంతుకి అధికారం చాలదని అప్పట్లో పెద్దమనుషులు సణిగారట. ఆవిడ ఆ పెద్దమనుషులకు బదులేమీ చెప్పకుండా, ఏటా ఆ పండగ ముందు తన అత్తగారి పచ్చడి చేసే విధానం దేశానికి చెబుతూ పోయింది. పచ్చి క్రాన్‌బెర్రీలు, ఉల్లిపాయ, పంచదార, పులిసిన మీగడ, హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప. అన్నీ కలిపి రుబ్బి గడ్డకట్టిస్తే ముదురు గులాబీరంగు ముద్ద వస్తుంది. నేను చెవులప్పగించి విన్నాను. అత్తగారి వంటని పొగుడుతోందా, ఎత్తిపొడుస్తోందా అన్నది ఏ భాషలోనైనా ఆడవాళ్ళకి తెలుస్తుంది. మర్నాడు అల్లుడి చేత ఒక సంచీ క్రాన్‌బెర్రీలు తెప్పించాను. మీగడా పంచదారా పక్కన పెట్టి, మెంతులు, ఎండుమిరపకాయలు వేయించి కొట్టి, కాస్త బెల్లం తగిలించి, ఇంగువ తిరగమోత పెట్టాను. చింతకాయా కాదు, నారింజా కాదు, మధ్యలో ఏదో పులుపు. సీసాలకెత్తి ముగ్గురు తెలుగు పిల్లల ఇళ్ళకి పంపాం. ఈ పచ్చడి నాకంటే ముందే చాలామంది తెలుగువాళ్ళు అక్కడ పెట్టేశారని తర్వాత తెలిసి కొంచెం నీరసం వచ్చింది. నాకు చెప్పింది మాత్రం రేడియోనే.

అమ్మాయి నెలకి పది డాలర్లు ఇచ్చేలా చదివించింది. అందుకు బదులుగా స్టేషన్ పేరు అచ్చేసిన ఒక గుడ్డసంచీ వచ్చింది. వినేవాళ్ళలో ఎంతమంది ఇస్తారని అడిగాను. పదిమందికి ఒకరు అన్నాడు అల్లుడు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1949లో లూయిస్ హిల్ అనే ఆయన కేపీఎఫ్ఏ స్టేషన్ పెట్టి, వినేవాళ్ళలో నూటికి ఇద్దరు ఇచ్చినా చాలు, నడిపేస్తానన్నాడట. పదిమందికి ఒకరంటే ఆయన లెక్కకి బోలెడు. కానీ తొమ్మిదిమంది ఊరికే వింటున్నారని తెలిసి ఆ పదో మనిషి ఎందుకిస్తాడు? మన బాపతు మనిషైతే ముందు ఆ తొమ్మిదిమందినీ లాక్కొచ్చి వసూలు చేయమంటాడు.

ఆ రాత్రి బిడ్డని ఒళ్ళో వేసుకుని ఊపుతుంటే జవాబు దొరికింది. ఆ పదో మనిషి మా నాన్న.

మా వీధికంతటికీ ఒకటే రేడియో, మాది. మర్ఫీ పెట్టె, దానికి మిద్దె మీద రెండు కర్రల మధ్య వల ఏరియలు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, నేను అంతకు ముందేడు పుట్టాను. ఊహ తెలిసేసరికి ఆ పెట్టె ఉంది. సాయంత్రం దాన్ని కిటికీలో వీధివైపు తిప్పి పెట్టేవారు. వ్యవసాయదారుల కార్యక్రమానికి మగవాళ్ళు అరుగు మీద, ఆదివారం నాటకానికి ఆడవాళ్ళు లోపల వసారాలో. బాలానందం వస్తే మేం పిల్లలం నేలమీద. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లని తెలుగునేల అంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంది. వాళ్ళ ముఖాలు మాకు తెలియవు, చుట్టరికం తెలుసు. ఇరవై ఇళ్ళవాళ్ళు వినేవారు. లైసెన్సు కట్టేది ఒక్కరు.

అవును, లైసెన్సు. ఇప్పటి పిల్లలకి చెబితే తుపాకీకా అంటారు. రేడియోకి పోస్టాఫీసులో చిన్న పుస్తకం ఇచ్చేవారు. ఏటా పదిహేను రూపాయలు కడితే అందులో బిళ్ళ అంటించి, దాని మీద ఠప్పుమని ముద్ర వేసేవారు. నాన్న ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు. పుస్తకాన్ని పొలం దస్తావేజుల పెట్టెలో దాచేవారు. అమ్మ ఒకసారి, "వీధంతా వింటుంటే మనమొక్కళ్ళమే కట్టడమేమిటి" అంది. "కట్టేది మనం కదా, మన రేడియో అనుకోవచ్చు" అన్నారాయన. రేడియో అంటే పెట్టె అనుకున్నాను నేను. ఆయన అన్నది విజయవాడ కేంద్రం గురించి. కార్యక్రమం బాగుంటే కార్డు రాసేవారు, బాగోలేకపోతే రెండు కార్డులు రాసేవారు. ఒకసారి ఆయన పేరూ ఊరూ రేడియోలో చదివారు. వారం రోజులు మా ఇంటికి పెళ్ళికళ.

ఎనభైలలో ఆ లైసెన్సు ఎత్తేశారు. అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. తర్వాత తర్వాత అనిపించింది, ఆ పదిహేను రూపాయలతో పాటు ఇంకేదో కూడా కట్టడం మానేశామని. ఊరికే వచ్చే దాన్ని ఎవరూ తిట్టరు, ఎవరూ మెచ్చరు. టీవీ వచ్చిందని మనం వెళ్ళిపోయాం. వెళ్ళినట్టు స్టేషన్‌కి తెలిసేదెలా, డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంటే? సర్కారు రేడియో అని పేరుపెట్టి, సర్కారు బడిలాగే దాన్ని కూడా పేదవాళ్ళకి వదిలేశాం. సర్కారు బడిలో పాతికేళ్ళ పైన పాఠాలు చెప్పినదాన్ని, ఆ బాధ నాకు తెలుసు.

నిజానికి అది సర్కారుదీ కాదు. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. క్రికెట్ ప్రసారాల తగువులో వచ్చిన తీర్పు అది. రాసిన వాళ్ళలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు, మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రసారభారతి చట్టం 1990లోనే అయి, 1997 దాకా అటక మీదే ఉంది. ఇవాళ్టికీ ప్రైవేటు ఎఫ్ఎం వాడు సొంతంగా వార్త చెప్పడానికి వీల్లేదు, ఆకాశవాణి వార్తలు అందుకుని వేయవలసిందే. ప్రజల ఆస్తికి ఇన్ని తాళాలేమిటో!

తాళం తీయించుకున్న వాళ్ళూ లేకపోలేదు. జహీరాబాదు దగ్గర మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నాయి. ఎక్కువమంది దళిత రైతుకూలీ ఆడవాళ్ళు. స్టూడియో ఉంది, యంత్రాలున్నాయి, గొంతులున్నాయి, అనుమతి లేదు. ఏళ్ళ తరబడి విత్తనాల ముచ్చట్లూ, బతుకమ్మ పాటలూ, కొర్రలూ సామల కబుర్లూ రికార్డు చేసి, టేపులు సంఘాలకి తీసుకెళ్ళి వినిపించుకున్నారు. 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చన్నాక, 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? పదవీ విరమణ చేసిన ఆ జస్టిస్ సావంత్ గారే. పదమూడేళ్ళ కిందట తను రాసిన వాక్యాన్ని ఆయన ఆ రోజు చెవులతో విన్నాడు.

2025 జూన్‌లో మళ్ళీ ఫ్రేమింగ్‌హామ్ వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. కార్ టాక్ అన్నదమ్ములు 2012లోనే ఆపేశారు. పెద్దాయన టామ్ 2014లో పోయాడు. మా వారు ఆ మరుసటేడు. పాత భాగాలు మాత్రం ఇంకా దొరుకుతాయి, ఒక శనివారం అల్లుడు కార్లో పెట్టాడు. టామ్ నవ్వు అలాగే ఉంది. అల్లుడు ఏదో మాట్లాడబోయి ఆగాడు. ఇంటికొచ్చాక ఇద్దరం కారులోనే కాసేపు కూర్చున్నాం.

వంటింట్లో నల్ల రేడియో లేదు. అందరికీ ఫోన్లే. నా మనవడికి ఇరవై ఏళ్ళు, తనకి రేడియో వినే అలవాటు లేదని గర్వంగా చెప్పాడు. వాడు చెవుల్లో పెట్టుకుని పరుగెత్తేది పాడ్‌కాస్టులు. ఆ పిచ్చి అంతలా ముదరడానికి కారణమైన 'సీరియల్' 2014లో పబ్లిక్ రేడియో వాళ్ళ ఇంట్లోంచే వచ్చింది. వాడు రాత్రుళ్ళు చూసే టైనీ డెస్క్ కచేరీలు ఎన్‌పీఆర్ ఆఫీసులో ఒకాయన బల్ల వెనకాల తీసేవి. చెబితే నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకుని నోరు మూసుకున్నాడు. పాత ముల్లుతో వినేవాళ్ళు తగ్గారు, నిజమే. ఇంటికి రెండో గుమ్మం పెట్టినట్టుంది, పిల్లలు అటునుంచి వస్తున్నారు.

ఆ జూలైలోనే వాషింగ్టన్‌లో చట్టసభ పబ్లిక్ ప్రసారాలకి రెండేళ్ళకని పెట్టిన 110 కోట్ల డాలర్లు వెనక్కి లాగేసింది. ఆ డబ్బు పంచే కార్పొరేషన్ ఆగస్టు 1న తలుపులు మూస్తున్నామని ప్రకటించింది. పక్షపాతం అన్నది ఆరోపణ. ఆ తగువు నేను తీర్చలేను గానీ, దెబ్బ ఎవరికి తగిలిందో మాత్రం తెలుసు. ఎన్‌పీఆర్‌కి సర్కారు నుంచి నేరుగా వచ్చేది నూటికి ఒక పాలు. బాస్టన్ లాంటి ఊళ్ళో ఇచ్చేవాళ్ళున్నారు. అలాస్కాలో బెతెల్ అనే చోట 1971 నుంచి కేవైయూకే అని ఒక స్టేషన్ ఉంది. ఆదివాసీల యూపిక్ భాషలో వార్తలు చెబుతుంది. దాని బడ్జెట్‌లో సగానికి పైగా ఆ సొమ్మే ఉండేది. అక్టోబరులో ఆ ప్రాంతపు తీరం మీద తుఫాను పడి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ కబుర్లు వింటుంటే నాకు మళ్ళీ కుంపటి పక్కన బ్యాటరీలు కనిపించాయి.

అమ్మాయి పది డాలర్లని ముప్ఫై చేసింది. నేనూ చదివించాను, పదిహేను డాలర్లు, నాన్న పేరు మీద. "తాతయ్య పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలి" అంటూ అమ్మాయి ఫోన్లో కొడుతుంటే, ఇస్త్రీ చొక్కా మనిషి కళ్ళలో మెదిలాడు.

అక్కడున్నన్నాళ్ళూ రాత్రి తొమ్మిదింబావుకి నా ఫోన్లో విజయవాడ మోగేది. వాళ్ళ తొమ్మిదింబావు మనకి పొద్దున ఆరుంముప్పావు, ప్రాంతీయ వార్తల వేళ. తర్వాత 6.55కి సంస్కృత వార్తలు, 7.05కి తెలుగు వార్తలు. న్యూస్ ఆన్ ఎయిర్ అని ప్రసారభారతి వారి యాప్, పైసా అడగదు. మొదట్లో అల్లుడు నవ్వాడు. నెల తిరిగేసరికి, పడుకోబోయే ముందు "పెట్టారా అత్తయ్యా" అని వచ్చి కూర్చునేవాడు. సంస్కృతం మొదలవగానే ఆ తొలి వాక్యం ఇద్దరం పైకి అప్పజెప్పేవాళ్ళం. అర్థం పెద్దగా తెలియకపోయినా సరే!

నవంబరులో ఇంటికొచ్చేశాను. ఆ గుడ్డసంచీ ఇరవై ఏళ్ళు గడిచినా చిరగలేదు, రైతుబజారుకి అదే. అంచున తోటకూర మరక, మధ్యలో బాస్టన్ స్టేషన్ పేరు. కూరలమ్మే ఆవిడ అదేం కంపెనీ అమ్మగారూ అంది. రేడియో అన్నాను. "రేడియో వాళ్ళు సంచీలమ్ముతారా?" అంది. ఆవిడ తక్కెడ పక్కన గోనె మీద ఒక ఫోను, అందులో వివిధభారతి జనరంజని వస్తోంది.

పోయినవారం ఆకాశవాణి పొద్దుటి భక్తిరంజనిలో, చిన్నప్పుడు విన్న గొంతు ఒకటి వేశారు. పాట అయిపోయింది, పాడినావిడ పేరు చెప్పలేదు. పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి రెండు కార్డులు కొన్నాను. ఒకదాని మీద, పాట బాగుంది, సంతోషం అని రాశాను. రెండోదాని మీద, పేరెందుకు చెప్పలేదు అని రాశాను. చిరునామా రెండింటిదీ ఒకటే, ఆకాశవాణి, పున్నమ్మతోట, విజయవాడ. కార్డు ఇంకా యాభై పైసలే.